మా చైర్మన్ గారి మీద అవిశ్వాసం

మున్సిపల్ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏదో పాత ఫైలు ఎక్కడుంటుందో కనుక్కుంటారు, కాఫీ తాగుతారు, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి తప్పకుండా ఒక మాట అడుగుతారు. "టీవీలో చూస్తున్నాం కదండీ, ఆ నాయకుడి మీద రోజుకో కుంభకోణం బయటపడుతోంది. ఆ పార్టీ వాళ్ళకి సిగ్గనిపించదాండీ? ఇంక చాలించండి అని ఒక్కరైనా అనరేంటండీ?"

ఢిల్లీ సంగతీ, అమరావతి సంగతీ నాకు తెలియవు. నాకు తెలిసిందల్లా ఒక కౌన్సిల్ హాలు. డెల్టాలో కాలవ పక్కన ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీలో మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాను. అక్కడ నా కళ్ళ ముందు జరిగినదాన్నే ఆ పిల్లలకి చెబుతుంటాను. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్ళు చదివితే ఎవరి వంతు వాళ్ళు గుర్తుపడతారు, అంతే చాలు.

మేనేజరంటే పెద్ద ఉద్యోగమనుకోకండి. కమిషనర్ గారు సంతకం పెట్టాల్సినవి ఆయన ముందుంచడం, కౌన్సిల్ మీటింగులో ఎవరేమన్నారో మర్యాదగా రాయడం, ఇంతే పని. ఒక సభ్యుడు ఇంకో సభ్యుణ్ణి "ఇది నీ అబ్బ సొమ్మా" అంటే, "నిధుల వినియోగంపై గౌరవ సభ్యులు సందేహం వ్యక్తం చేశారు" అని మేం రాస్తాం. అలా రాసీ రాసీ ఇంట్లో మా ఆవిడ అన్న మాటలు కూడా నాకు అదే భాషలో వినిపించేవి.

ఇక మా చైర్మన్ గారు. ఆయనకి కోపం రావడం నేనెన్నడూ చూడలేదు. ఊళ్ళో ఎవరింట్లో శుభమైనా అశుభమైనా హాజరయ్యేవారు. ప్రతిచోటా రెండు ముద్దలు తిని, పిల్లల్ని పేరుపెట్టి పలకరించి, "నీకు సోషల్లో మార్కులు తగ్గాయంట కదరా" అని కూడా అడిగేవారు. అంత జ్ఞాపకశక్తి ఉన్న మనిషికి మున్సిపాలిటీ పనులు ఎక్కడ జరిగాయో మాత్రం గుర్తుండేది కాదు. సంతలో మరుగుదొడ్ల శంకుస్థాపన రాయి ఉంది, దాని వెనకాల ఖాళీ స్థలం ఉంది. దోమల పొగ మిషను ఆయన వీధి దాటి బయటికి వచ్చేది కాదు. ఆ వీధి దోమలు పక్క వీధికి కాపురం మార్చాయని మా ఆఫీసులో చెప్పుకునేవాళ్ళం.

వీటన్నిటినీ ఊరు భరించింది. గుర్రపుడెక్క మిషను దగ్గరే వ్యవహారం ముదిరింది.

మా కాలవ నిండా గుర్రపుడెక్క. పైనుంచి చూస్తే పచ్చటి చేనులా ఉంటుంది, కింద నీళ్ళున్నాయని నమ్మాలి. రేవు వార్డులో చేపలు పట్టుకునే కుటుంబాలవాళ్ళకి ఆ కాలవే దారి. దాంట్లోంచే పడవలు గోదాట్లోకి వెళ్ళాలి. డెక్క అడ్డంపడి పడవలు రేవులోనే కట్టి ఉండేవి. జ్వరాలు ఆ వార్డులోనే మొదలై ఊరంతా తిరిగేవి. చివరికి నీళ్ళమీద తేలుతూ డెక్కని లాగేసే మిషను ఒకటి కొన్నాం. పూజ చేశాం, కొబ్బరికాయ కొట్టాం, ఫోటోలు దిగాం. ఆ తర్వాత మిషను కనబడలేదు.

దాన్ని కనిపెట్టినాయన ప్రతిపక్షం నాయకుడు. ఆయన హోమియో డాక్టరు. ఆయన మందుల్లాగే ఆయన కోపం కూడా పనిచెయ్యడానికి చాలాకాలం పడుతుంది. ఒకరోజు ఏదో ఊరి నుంచి స్కూటరు మీద వస్తుంటే, చైర్మన్ గారి బావమరిది చేపల చెరువులో మన మిషను చక్కగా ఈదుతూ కనబడింది. ఫోటో తీశారు. సాయంత్రానికి ఊళ్ళో ఆ ఫోటో లేని ఫోను లేదు.

కౌన్సిల్లో అడిగితే చైర్మన్ గారు తొణకలేదు. "ట్రయల్ రన్నండి. కాలవలో ప్రవాహం ఉంటుంది. ముందు నిలవ నీళ్ళలో అలవాటు చెయ్యకుండా దించేస్తే మిషను దెబ్బతినదాండీ?" అన్నారు. "మిషను పనితీరును దశలవారీగా పరిశీలిస్తున్నట్లు చైర్మన్ గారు సభకు వివరించారు" అని నేను రాసుకున్నాను.

డాక్టరు గారు అవిశ్వాసం నోటీసు ఇచ్చారు.

ఇక్కడ మీకో సంగతి తెలియాలి. ప్రతిపక్షానికి నాలుగు చేతులు తక్కువ. చైర్మన్ గారి పార్టీలో నలుగురు అటు ఎత్తితే ఆయన దిగిపోవాలి. మామూలుగా అయితే పార్టీ విప్ ఇస్తుంది, దాన్ని కాదంటే సభ్యత్వం పోతుంది, కాబట్టి ఎవరూ కదలరు. కానీ ఆ ఫోటో చూశాక జిల్లాలో వాళ్ళ పెద్దలకే మొహం చెల్లలేదు. విప్ ఇవ్వకుండా, "మీ మనస్సాక్షి ప్రకారం చెయ్యండి" అని ఫోనులో చెప్పి ఊరుకున్నారు. మనస్సాక్షి అనగానే మా వాళ్ళు బెంబేలెత్తిపోయారు. విప్ అయితే వాళ్ళకి అలవాటే.

మర్నాటి నుంచి నా గదికి రాకపోకలు మొదలయ్యాయి.

మొదట రైసు మిల్లు ఉన్న కౌన్సిలరు గారు వచ్చారు. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ లాక్కుని, "ఊరికే తెలుసుకుందామనండి. సొంత పార్టీ వాళ్ళు అవిశ్వాసానికి చెయ్యెత్తితే పదవి పోద్దాండీ?" అన్నారు.

"విప్ లేకపోతే పోదండి."

"నాక్కాదండి, మా తోడల్లుడు వేరే మున్సిపాలిటీలో ఉన్నాడు. ఆడికోసం." ఆ తర్వాత అసలు మాట బయటపెట్టారు. "మిషను తీసుకెళ్ళి చెరువులో దించడం ఏంటండీ అసలు? మా మిల్లుకొచ్చే రైతులు నవ్వుతున్నారండి. నాకైతే ఎత్తేద్దామనే ఉంది. కానీ ఈయన దిగితే కుర్చీ ఆ లెక్చరర్ ఎక్కేస్తాడేమోనండి. ఆయన ఎక్కడం కంటే ఈయన ఉండడమే నయం కదండీ?"

ఆ లెక్చరర్ గారు అదే సాయంత్రం వచ్చారు. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పేవారు. లోకల్ కేబుల్ చానెల్ చర్చల్లో చైర్మన్ గారి తరఫున కూర్చునేది ఆయనే. "నాకు నిద్రపట్టట్లేదండి," అన్నారు. "మా స్టూడెంట్లు ఎదురుపడితే ట్రయల్ రన్ ఎలా నడుస్తోంది మాస్టారూ అంటున్నారు."

"అయితే చెయ్యెత్తండి."

"ఎలాగండీ? మరుగుదొడ్ల విషయంలో ఆయన మచ్చలేని మనిషన్నాను. పొగ మిషను విషయంలో ఇదంతా కుట్రన్నాను. ఇవాళ ఆయన దొంగంటే, ఇన్నాళ్ళూ నేనేంటండీ? నేను మాట్లాడిందంతా వీడియోలో ఉందండి. పక్కపక్కన పెట్టి వేస్తారు. ఆయన పరువు కాదండి, నేనిప్పుడు కాపాడుకుంటున్నది నా పరువు."

మూడో మనిషి కాజాల షాపు కౌన్సిలరు గారు. ఆయన షాపు మీద ప్లానులో లేని అంతస్తు ఒకటి ఉంది. చైర్మన్ గారు ఆ విషయం ఒక్కసారి కూడా ఎత్తలేదట. "బెదిరిస్తే బాగుణ్ణండి," అన్నారాయన దీనంగా. "ఎప్పుడు కనబడినా నవ్వుతూ, పై అంతస్తులో గాలి బాగా వస్తోందా అని అడుగుతారంతే. ఆ రాత్రికి నాకు అన్నం సయించదండి."

ముగ్గురూ చివర్లో ఒకే మాట అన్నారు. "ఈ సంగతి మన మధ్యే ఉండాలండి. మిగతావాళ్ళంతా ఆయనకి ప్రాణమిచ్చేవాళ్ళు. నేనొక్కణ్ణే ఇలా."

నా పరిస్థితి ఆలోచించండి. ముగ్గురి మనసులో ఒకటే మాట. అది ముగ్గురికీ తెలియదు, నాకు మాత్రమే తెలుసు. ఉద్యోగిగా నేను నోరెత్తకూడదు. చెబితే అది రాజకీయం అవుతుంది. చెప్పకపోతే ఆ కాలవ అలాగే ఉంటుంది. రేవు వార్డు మీదుగా ఆఫీసుకి వచ్చేవాణ్ణి. కదలని పడవల పక్కన మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ కూర్చునేవాళ్ళు, అప్పటికే బాగున్న వలల్ని.

ఒక ఉపాయం తట్టింది. పదవి పోదన్న రూలు పుస్తకంలో ఒకసారి కళ్ళారా చూపించమని ముగ్గురూ వెళ్ళబోతూ అడిగి ఉన్నారు, ముగ్గురికీ ఒకే టైము ఇచ్చాను. నేనేమీ చెప్పను. వాళ్ళే ఎదురుపడతారు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు, విషయం అర్థమవుతుంది అనుకున్నాను.

మిల్లు ఆయన ముందొచ్చి కూర్చున్నారు. అటెండరు టీ తెచ్చేలోపు లెక్చరర్ గారు తలుపు తోశారు. ఇద్దరూ దొంగతనంలో దొరికినట్టు చూసుకున్నారు.

"మిల్లు పన్ను గురించి వచ్చానండి," అన్నారు మిల్లు ఆయన, ఎవరూ అడక్కుండానే.

"మా వీధి లైటు," అన్నారు లెక్చరర్ గారు.

ఇంతలో కాజాల షాపు ఆయన చేతిలో పొట్లంతో వచ్చారు. వీళ్ళిద్దరినీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. "మా మరదలి కొడుకు బర్త్ సర్టిఫికెట్ కోసమండి," అన్నారు. ఆ కుర్రాడికి అప్పటికే గడ్డం వచ్చింది.

కాజాలు పంచాం. ఇప్పుడు బయటపడతారు, ఇప్పుడు బయటపడతారు అని నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. చివరికి మిల్లు ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఎవరేమన్నా మన చైర్మన్ గారు మంచి మనిషండి."

"మంచి అని ఊరుకుంటే ఎలాగండీ?" అన్నారు లెక్చరర్ గారు వెంటనే. "దార్శనికుడు. ట్రయల్ రన్ అంటే ఈ డాక్టరుకి ఏం తెలుస్తుందండి?"

"ఆయన కోసం పీక కోసుకోమన్నా కోసుకుంటానండి నేను," అన్నారు కాజాల షాపు ఆయన. అలా అని అంతటితో ఆగకుండా, "చైర్మన్ గారికి వ్యతిరేకంగా ఎవడన్నా చెయ్యెత్తితే ఆడు మనిషి కాదండి," అని కూడా కలిపారు.

మిగతా ఇద్దరూ గట్టిగా తలాడించారు. ఒకరికి మించి ఒకరు పొగిడి, టీ తాగి, వచ్చిన పని మర్చిపోయి వెళ్ళిపోయారు. రూల్సు పుస్తకం ఎవరూ తెరవలేదు. అంతకుముందు, మిగతావాళ్ళు ఆయన మనుషులేమో అని వాళ్ళకి అనుమానం మాత్రమే ఉండేది. నా తెలివి వల్ల ఆ అనుమానం తీరిపోయి నమ్మకం కుదిరింది.

నాలుగో చెయ్యి గురించి నేను ఆలోచించనేలేదు. ఎవరూ ఆలోచించలేదు. ఆవిడ రేవు వార్డు కౌన్సిలరమ్మ, చైర్మన్ గారి పార్టీయే. పొద్దున్నే చేపలమ్ముకుని, చేతులు కడుక్కుని, మీటింగుకి వచ్చి చివరి కుర్చీలో కూర్చునేవారు. ఒకసారి తుఫానులో పడవ తిరగబడి ఆవిడ భర్త కాలు నుజ్జయితే, చైర్మన్ గారు తన కారులోనే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, డాక్టర్ల చుట్టూ తిరిగి కాలు నిలబెట్టించారు. అబద్ధం కాదు, నేను చూశాను. ఆసుపత్రి వరండాలో ఆయన కింద కూర్చుని ఇడ్లీ తిన్నారు. అందుకని ఆవిడ ఓటు ఆయనదేనని ఊరంతా రాసిచ్చేసింది. మా అటెండరు ఆవిడకి నోటీసు కూడా చేపల బజార్లోనే ఇచ్చేశాడు. ఆవిడ నా గదికి రానే లేదు.

అవిశ్వాసం రోజు హాలు కిటకిటలాడింది. ఆర్డీవో గారు అధ్యక్షత వహించారు. చిన్న వయసు అమ్మాయి, కొత్తగా వచ్చారు. చైర్మన్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి అందరికీ నమస్కారాలు పెట్టి, డాక్టరు గారి దగ్గర ఆగి, "మోకాలికి మీరిచ్చిన గుళికలు పనిచేస్తున్నాయండి" అన్నారు. డాక్టరు గారు అలవాటు కొద్దీ, "కాఫీ మానేశారా?" అని అడిగి నాలిక కరుచుకున్నారు.

చర్చ ఉండదు, చేతులెత్తడమే. ఆర్డీవో గారు ప్రకటించగానే ప్రతిపక్షం చేతులన్నీ లేచాయి. హాలంతా చైర్మన్ గారి పార్టీ వైపు చూసింది.

మిల్లు ఆయన చెయ్యి తొడమీద నుంచి లేచింది. ఛాతీ దాకా వచ్చింది. కళ్ళు లెక్చరర్ గారి వైపు తిరిగాయి. లెక్చరర్ గారు కదల్లేదు. మిల్లు ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళి రుమాలు తీసి మొహం తుడిచింది. అది చూశాక లెక్చరర్ గారి చెయ్యి మెల్లగా పైకి బయల్దేరి, కళ్ళజోడు దగ్గర ఆగి, దాన్ని సవరించి దిగిపోయింది. కాజాల షాపు ఆయన మాత్రం కళ్ళు మూసుకుని ఒక్కసారిగా చెయ్యి పైకెత్తేశారు. ఆయన కళ్ళు తెరిచి అటూ ఇటూ చూశారు.

"సార్, మీరు తీర్మానానికి అనుకూలమా?" అడిగారు ఆర్డీవో గారు.

"కాదండి. ఫ్యాను కొంచెం పెంచమంటున్నానండి," అన్నారాయన.

అటెండరు వెళ్ళి ఫ్యాను పెంచాడు. ఆ గాలికి నా కాగితాలు లేచాయి. వాటిని పట్టుకుని తలెత్తేసరికి, చివరి కుర్చీలో ఒక చెయ్యి నిటారుగా ఉంది. కౌన్సిలరమ్మ ఎప్పుడెత్తారో ఎవరూ చూడలేదు.

ఆర్డీవో గారు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. ఈలోపు ఆవిడ కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు. మిల్లు ఆయన రుమాల్లో మొహం దాచుకున్నారు. మిగతా ఇద్దరూ గోడ వైపు చూస్తున్నారు. ఆవిడ చెయ్యి మాత్రం దిగలేదు.

మూడు చేతులు తక్కువై తీర్మానం వీగిపోయింది.

ఆ మధ్యాహ్నం చైర్మన్ గారు నన్ను తన గదికి పిలిపించారు. కూర్చోమన్నారు. "ఆ రోజు కాజాలు బాగున్నాయాండీ?" అన్నారు.

నేను కుర్చీలోంచి లేవబోయాను.

"భయపడకండి. మీ మీద నాకేం లేదు. ముగ్గురూ మీ దగ్గరికి రావడం తెలుసు, ఏం మాట్లాడుంటారో కూడా తెలుసు. నన్ను తిట్టుకోని మనిషి మా పార్టీలో లేడండి. కాకపోతే అందరూ విడివిడిగా తిట్టుకుంటారు. కలిసి కూర్చున్నప్పుడు పొగుడుతారు. ఆ తిట్లూ పొగడ్తలూ అలా ఉన్నన్నాళ్ళు నాకేం కాదు." కాసేపు బల్లమీద అద్దం కేసి చూశారు. మొదటిసారి ఆయన మొహంలో నవ్వు లేదు. "ఆవిడొక్కత్తే లెక్క తప్పించిందండి. ఆవిడ మొగుడి కాలు గుర్తొచ్చైనా ఎత్తదనుకున్నాను."

ఆవిడ మీద కక్ష కడతారనుకున్నాను. వారం తిరక్కుండా మిషను చేపల చెరువులోంచి లారీ ఎక్కి వచ్చి రేవు వార్డు దగ్గర కాలవలో దిగింది. మొదటి రోజు చైర్మన్ గారే ఒడ్డున నిలబడి డెక్క తీయించారు. ఎందుకని నేనడగలేదు, ఆయనే చెప్పారు. "ఎత్తనివాళ్ళు ఎలాగూ ఎత్తరండి. వాళ్ళకి నేను చెయ్యాల్సిందేముంది?"

ఈ మాట ఎలాగో ఆ ముగ్గురికీ చేరింది. మిల్లు ఆయన నా గదికొచ్చి వాపోయారు. "మేం నిలబడి కాపాడితే మా వార్డుల్లో మురుగు అలాగే ఉంది. ఎదురు తిరిగినావిడ వార్డులో పని జరుగుతోంది. ఇదేం న్యాయమండి?" లెక్చరర్ గారు ఆ వారం కేబుల్ చానెల్లో చైర్మన్ గారి విశాల హృదయం గురించి మాట్లాడారు. కాజాల షాపు ఆయన్ని చైర్మన్ గారు మళ్ళీ గాలి సంగతి అడిగారట. ఆ ముగ్గురూ పదవీకాలం పూర్తయ్యేదాకా ఆయన వెంటే ఉన్నారు. ఆయన పార్టీ మారితే వీళ్ళూ మారారు. కారులో ఎవరు ముందు సీట్లో కూర్చోవాలన్నదాని మీద తప్ప వాళ్ళకి ఏ విషయంలోనూ భేదాభిప్రాయం రాలేదు.

రిటైరయ్యే ముందు ఒక ఉదయం రేవు వార్డుకి వెళ్ళాను. కాలవలో నీళ్ళు కనబడుతున్నాయి. పడవలు తిరిగొచ్చి ఉన్నాయి. కౌన్సిలరమ్మ గంప ముందు కూర్చుని బొమ్మిడాయిలు అమ్ముతున్నారు. నన్ను చూసి మంచివి ఏరి పక్కన పెట్టారు.

"ఒకటడుగుతానమ్మా," అన్నాను. "ఆయన మీకంత మేలు చేశారు. అందరూ వెనక్కి తగ్గినచోట మీరొక్కరే అంత ధైర్యం ఎలా చేశారు?"

ఆవిడ నావైపు వింతగా చూశారు. "ధైర్యమేంటండి? నేనొక్కదాన్నే ఎత్తుతానని నాకేం తెలుసండి? మిల్లు గారు చేపలకొచ్చి ఎత్తేస్తానన్నారు. మాస్టారూ అదే మాటన్నారు. కాజాల షాపాయన ఇక్కడే నిలబడి అరగంట తిట్టారండి. నా దగ్గర దాచుకోవడమెందుకు అనుకున్నారేమో, అంతా చెప్పేశారు. పెద్ద మనుషులు కదా, అన్న మాట చేస్తారనుకున్నాను. ముగ్గురూ ఎత్తుతుంటే నేనెత్తకపోతే బాగోదని ఎత్తానండి."

నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వారు.

"మరి పక్కకి చూశారు కదమ్మా. ఎవరూ ఎత్తలేదని తెలిసింది. ఆర్డీవో గారు రెండోసారి లెక్కపెడుతున్నప్పుడైనా దించేయొచ్చు కదా?"

ఆవిడ చేపల మీద నీళ్ళు చల్లుతూ ఆలోచించారు.

"దించుదామనే అనుకున్నానండి. కానీ అప్పటికే అందరూ చూసేశారు. ఎత్తడానికి భయమెయ్యలేదండి నాకు. దించడానికే సిగ్గేసింది."